నాలుగువందల పన్నెండు చొక్కాల కప్పు

దర్జీకి డబ్బు లెక్కలు రావని ఎవరూ అనుకోకూడదు. భేషుగ్గా వచ్చు. కాకపోతే అతను డబ్బుని చొక్కాల్లో లెక్కపెడతాడు. సైకిలంటే ఇరవై చొక్కాలు. పన్ను పీకించుకోవడం రెండు చొక్కాలు. కరెంటు బిల్లు నాలుగు, ఎండాకాలమైతే ఐదు. ఒక చొక్కా కుట్టుకూలి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు గనక, మిగతా ప్రపంచమంతా వచ్చి దాని పక్కన నిలబడి తన ఖరీదు తను చెప్పుకోవాల్సిందే. పదేళ్ళుగా కడుపు కట్టుకుని కూడబెట్టింది మొత్తం తొంభై చొక్కాలు. అది బీరువాలో, ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళడం మర్చిపోయిన ఒక కోటు లోపలి జేబులో భద్రంగా ఉండేది.

ఆ జేబుకి చేటు తెచ్చిన మాట ఒక ఉదయం అక్క నోట్లోంచి వచ్చింది.

"ఒరేయ్, చెప్తున్నా విను. ఈ ఏడు వానల్లో ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క నా ఒంటి మీద పడిందా, నేను వెళ్ళిపోతాను. బస్టాండు వెనక మూడో అంతస్తులో గది చూసొచ్చాను. దాని మీద ఇంకో రెండంతస్తులున్నాయి. వాన నా దాకా రావాలంటే ముందు పై రెండు సంసారాల్నీ తడిపి రావాలి."

అక్క వేళాకోళం ఆడే మనిషి కాదు. అన్నదంటే అన్నదే. అమ్మ పోయిన ఏడు దర్జీకి నాలుగేళ్ళు, ఆవిడకి పదిహేడు. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కాలరు తిప్పడం దాకా అతనికి వచ్చిందంతా ఆవిడ చెంపదెబ్బల మీద వచ్చిందే. ఇప్పటికీ కాజాలూ బొత్తాలూ ఆవిడవే. అతను కుట్టిన ప్రతి చొక్కానీ ఆవిడ వెలుతురుకెత్తి చూసి, రెండు చేతులూ లాగి చూసి, "ఊఁ" అంటేనే అది ఇస్త్రీకి పోతుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ "ఊఁ" లేకుండా ఒక్క చొక్కా గుమ్మం దాటలేదు. అక్క వెళ్ళిపోతే ఆ "ఊఁ" ఎవరంటారు?

వెళ్ళొద్దక్కా అనొచ్చు. అనేస్తే పోయేది. కానీ ఆ ఇంట్లో అలాంటి మాటలు మొహం మీద అనుకునే అలవాటు ఎవరికీ లేదు. ప్రేమ ముంచుకొస్తే చినిగిన చోట కుట్టేస్తారు, అంతే. అందుకని దర్జీ, "కప్పు మార్పించేస్తానక్కా" అన్నాడు.

ఆ కప్పు గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆ ఇంట్లో మూడు తరాలుగా పాత కప్పు తీసి కొత్తది వేసిన పాపాన ఎవరూ పోలేదు. తాత గడ్డి కప్పాడు. గడ్డి కారితే దాని మీదే పెంకులేశాడు. పెంకులు కారితే నాన్న వాటి మీద రేకులు పరిచాడు. రేకులు కారితే దర్జీ తారు కాగితం అతికించి, దాని మీద నీలం ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టాడు. వాళ్ళది దర్జీల వంశం. మోకాలు చినిగితే పంట్లాం పారేయరు కదా, మీద అతుకు వేస్తారు. ఇంటికీ అదే చేశారు. ఇంటి వయసు పెరిగిన కొద్దీ కప్పు మందం పెరిగి, ఇప్పుడు వీధిలోంచి చూస్తే చిన్న పిల్లాడు నాన్న టోపీ పెట్టుకున్నట్టు ఉండేది.

ఇంత మందంలోంచీ వాన ఎలా దిగేదో దానికే తెలియాలి. దిగడమే కాదు, సరిగ్గా అక్క మంచం మీదికే దిగేది. మంచాన్ని గదిలో ఏడు చోట్లకి జరిపారు. ఏడు చోట్లకీ వెతుక్కుంటూ వచ్చింది.

మూడో రోజున కప్పుల మేస్త్రి వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చంకలో దస్త్రం, చేతిలో పొడుగాటి వెదురు గడ. నిచ్చెన లేదు.

"పైకెక్కి చూడరా?" అంది దర్జీ భార్య.

"ఎక్కడం పనివాళ్ళ పనమ్మా. నాది అంచనా. పదకొండేళ్ళయింది నేను కప్పెక్కి. ఎక్కితే జాలేస్తుంది, రేటు తగ్గించేస్తాను. ఎందుకొచ్చిన గొడవ?"

అని గడతో కప్పుని కింద నుంచి పొడుస్తూ, ఆ చప్పుడు వింటూ ఇల్లంతా తిరిగాడు. డాక్టరు రోగి వీపు మీద తట్టినట్టు తట్టి, ప్రతి గదిలోనూ పెదవి విరిచాడు. చివరికి కొట్టు గదిలో కుట్టుమిషన్ ముందున్న స్టూలు మీద కూలబడి, "టైలర్ గారూ, ముందు మీరు కూర్చోండి" అన్నాడు. ఉన్న ఒక్క స్టూలు మీదా ఆయనే కూర్చున్నాడు గనక దర్జీ నిలబడే విన్నాడు.

"మొదటిది విస్తీర్ణం. అది ఎవరైనా చెప్తారు, పొడుగూ వెడల్పూ. రెండోది వాలు. వాలు ఎక్కువైతే నీళ్ళు జారతాయి, మంచిదే. కానీ పనివాడు కూడా జారతాడు. అందుకని మా దగ్గర మూడు రేట్లున్నాయి. నిలబడి చేసే పని, కూర్చుని చేసే పని, దేవుడా దేవుడా అనుకుంటూ చేసే పని. మీది మూడోది."

"ఆ దేవుడా అనేది మనసులో అనుకుంటే తగ్గుతుందా?" అని అడిగాడు దర్జీ. అతను నిజంగానే అడిగాడు.

"లేదండీ, పైకన్నా లోపలన్నా ఒకటే. మూడోది పొరలు. మీకు ఐదున్నాయి. కొత్తది వేయడానికి ఒక రేటు, పాతది పీకడానికి పొరకో రేటు. నాలుగోది సందు. మీ సందులోకి లారీ రాదు. చెత్తంతా మోసుకుంటూ మూల దాకా పోవాలి. నూట నలభై అడుగులు, నేను నడిచి చూశాను. ఐదోది మడతలు. రెండు వాలులు కలిసే చోట మడత పడుతుంది. నీళ్ళన్నీ అక్కడే చేరతాయి, అక్కడే కారుతుంది, అక్కడే మంచి పనివాడు కావాలి."

"చంకలో కుట్టులాగన్నమాట" అన్నాడు దర్జీ. మొదటిసారి అతనికి విషయం అర్థమైంది.

"అచ్చంగా! ఆరోది బెజ్జాలు. వంటగది మీద పొగగొట్టం ఉంది చూశారా, దాని చుట్టూ నీళ్ళు దిగకుండా కట్టాలి."

"కాజా."

"మీకు చెప్పడం సులువండీ. ఇంక ఏడోది ఆకాశం." మేస్త్రి కిటికీలోంచి పైకి చూశాడు. "వానల ముందు అందరికీ కప్పులు కావాలి. పనివాళ్ళు దొరకరు. మబ్బు కనబడితే రేటు పెరుగుతుంది."

ఆ మాట అంటూండగానే ఒక మబ్బు వచ్చి పెరటి మీద నిలబడింది. మేస్త్రి పెన్సిలు తీశాడు. దర్జీ గభాల్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి మేస్త్రీ. అది పోనివ్వండి."

ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడి ఆ మబ్బు వెళ్ళిపోవడం కోసం చూశారు. అది ఎంతకీ కదలదు. దర్జీ భార్య కాఫీ పెట్టి తెచ్చింది. తాగారు. ఇంకా అక్కడే ఉంది. చివరికి ఆవిడకి ఒళ్ళుమండి, చాట తీసుకుని పెరట్లోకెళ్ళి పైకి విసరడం మొదలుపెట్టింది. ఆ గాలికే పోయిందో, దాని పని మీద అదే పోయిందో, మొత్తానికి పావుగంటకి పక్కింటి మీదికి జరిగింది. పక్కింటాయన కూడా ఆ వారమే అంచనా వేయించుకుంటున్నాడని తర్వాత తెలిసింది. పాపం.

మేస్త్రి రాసి, కూడి, కింద గీత గీసి కాగితం అందించాడు. దర్జీ ఆ అంకెని చొక్కాల్లోకి మార్చుకున్నాడు. మార్చుకుని, గోడకి ఆనుకున్నాడు.

"ఎన్నండీ?" అంది భార్య.

"నాలుగువందల పన్నెండు."

"మన దగ్గర తొంభయ్యేగా!"

"ఇంకోసారి మొదట్నుంచి చెప్పండి మేస్త్రీ" అన్నాడు దర్జీ. అతని కళ్ళలో అప్పుడు ఒక వెలుగు వచ్చింది. అది చూసి భార్య భయపడింది. గుడ్డ తక్కువ తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడ్డప్పుడల్లా వచ్చే వెలుగది.

దర్జీకి ఊళ్ళో పేరు వచ్చిందే దానివల్ల. గుడ్డ చాలదని అతను ఇంతవరకూ ఎవరినీ వెనక్కి పంపలేదు. రెండు మీటర్లు కావాల్సిన చోట ఒకటింబావు తెచ్చినా సరే, తీసుకుంటాడు. నిండు చేతులు పొట్టి చేతులవుతాయి. పొట్టి చేతులూ చాలకపోతే చేతుల్లేకుండా పోతాయి. జేబు మాయమవుతుంది, కాలరు మాయమవుతుంది. ఒకాయన కోటు కుట్టమని గుడ్డిస్తే చివరికి చాలా మంచి టై తయారైంది. ఆయన దాన్ని ఇప్పటికీ కడుతున్నాడు.

దర్జీ మెడలోంచి టేపు తీశాడు. జేబులోంచి గుర్తులు పెట్టే సుద్దముక్క తీశాడు. నేరుగా ముందు వసారాలోకి వెళ్ళి గోడ మీద అడ్డంగా గీత గీశాడు.

"ఇది చొక్కా చెయ్యిలాంటిది. తీసేద్దాం. వసారా లేకపోతే ఎంత?"

మేస్త్రి పదకొండేళ్ళ అంచనాల అనుభవంలో ఇలాంటి బేరం చూడలేదు. అయినా పెన్సిలు ఆగలేదు. "విస్తీర్ణం తగ్గింది. ఒక మడత కూడా పోయింది. మూడువందల అరవై."

"కొట్టు గది. వానలో గుడ్డ పట్టుకుని ఎవడొస్తాడు? తీసేయండి."

"మూడువందల రెండు."

"వంటగది."

"ఏవండీ!" అంది భార్య. "వానలో పొయ్యెలా మండుతుంది?"

"అసలు ఖర్చంతా ఆ పొగగొట్టం దగ్గరుందే. కప్పే లేకపోతే గొట్టమెందుకు? పొగ దాని దోవన అది పోతుంది."

"నిజమేనమ్మా," అన్నాడు మేస్త్రి ఉత్సాహంగా. "బెజ్జాల ఖాతా మొత్తం కొట్టేయొచ్చు. రెండువందల ఇరవై."

ఆ తర్వాత దర్జీ పడకగది గుమ్మంలో నిలబడి సుద్దముక్క పట్టుకుని భార్య వైపు చూశాడు. ఆవిడ మూతి ముడుచుకుని నిలబడింది. ఆవిడకీ ఆడబిడ్డకీ పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి పడదు. ఉప్పు ఎక్కువైందని ఒకరు, గొంతు ఎక్కువైందని ఒకరు.

"మీ అక్క పోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, తెలుసా?" అంది.

"తెలుసు" అన్నాడు దర్జీ.

ఆ ప్రశాంతత ఎలా ఉంటుందో ఆవిడకి కళ్ళముందు కనబడినట్టుంది. "నేనెవరితో పోట్లాడను మరి? మీతోనా? మీరు ఊఁ అని కూడా అనరు. గీసేయండి."

పడకగది పోయింది. నూట అరవై. హాలు పోయింది. నూట పద్దెనిమిది. అక్క గది ఒక్కటీ మిగిలింది. తొంభైకి ఇంకా ఇరవై ఎనిమిది ఎక్కువ. దర్జీ ఆ గదిలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, అక్క మంచం చుట్టూ నేల మీద చక్కగా గీత గీశాడు. కుట్లకోసం నాలుగు వైపులా అంగుళం వదిలాడు.

"ఇది?"

"ఎనభై ఎనిమిది," అన్నాడు మేస్త్రి. "ఇంకో రెండు కలిపితే గ్యారంటీ కూడా ఇస్తాను."

తొంభై. దర్జీ లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు. జీవితంలో ఇంత బాగా గుడ్డ కలిసొచ్చిన పని ఇంకోటి లేదనిపించింది.

మిగతా గదుల మీద పాత కప్పే ఉంచేయొచ్చుగా అని అడగొచ్చు ఎవరైనా. భార్య అడిగింది కూడా. ఉంచడానికి లేదన్నాడు మేస్త్రి. ఐదు పొరలూ అరవై ఏళ్ళుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మధ్యలో మంచమంత ముక్క కోశామంటే మిగతాది నెత్తిన పడుతుంది. పీకడానికి డబ్బు కావాలి కదా అంటే, దానికీ దారి చెప్పాడు. పాత సామాన్ల వ్యాపారి ఉన్నాడు. పెంకూ రేకూ మొత్తం తనకే ఇచ్చేస్తే ఊరికే పీక్కుని, తనే మోసుకుపోతాడు. కొంచెం ఉంచుతామంటే మాత్రం రాడు. అలా మిగతా ఇంటి పొరల లెక్కా, వాటిని మోసే నూట నలభై అడుగుల లెక్కా కూడా సున్నా అయిపోయాయి. కాగితం మీద చూస్తే అంతకన్నా తెలివైన బేరం ఉండదు. అందులో తప్పెక్కడుందో దర్జీకి ఎంత వెతికినా కనబడలేదు.

దుమ్ము పడదని అక్క ఆ పది రోజులూ స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. వెళ్తూ, "బస్టాండు గది వాడు ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు" అని గుర్తుచేసి మరీ వెళ్ళింది.

పనివాళ్ళు మొదట కొంచెం నవ్వుకున్నారు గానీ పని మాత్రం బంగారంలా చేశారు. నాలుగు కర్ర స్తంభాలు, వాటి మీద అటో వాలు ఇటో వాలు, ఎర్రటి కొత్త పెంకులు, చుట్టూ నీళ్ళు పోయే తూము. చంక కుట్టు ఒక్కటి కూడా లేదు. దర్జీ రోజుకి మూడుసార్లు వచ్చి పెంకు అంచులు వేలితో తడిమి చూసేవాడు. చుట్టూ గోడలున్నాయి, తలుపులున్నాయి, తలుపులకి గొళ్ళేలున్నాయి. పైన మాత్రం ఆకాశం. భార్య అలవాటు కొద్దీ పడకగది తలుపు వేసుకుని పడుకునేది. పక్షులు చూస్తున్నాయని సిగ్గుపడేది.

పదకొండో రోజు మధ్యాహ్నం అక్క సంచి పట్టుకుని వచ్చింది. అప్పటికే ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. మొదటి వానకి దగ్గరుండి చూడటం గ్యారంటీలో భాగమని మేస్త్రి కూడా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చేతిలో తెల్లకాగితం పట్టుకున్నాడు. వాన వెలిసే దాకా అది పొడిగా ఉంటే సంతకం పెడతాడు.

అక్క వసారా దాటింది. పైకి చూసింది. కొట్టు గది దాటింది, పైకి చూసింది. హాలు దాటింది. తన గదిలోకి వచ్చి, మంచం మీద గుడ్డు మీద కోడిలా కూర్చున్న ఆ ఎర్రటి కప్పుని చూసి నిలబడిపోయింది.

"ఇదేంట్రా?"

"కప్పు" అన్నాడు దర్జీ.

"మిగతాదేది?"

"గుడ్డ చాల్లేదక్కా."

అక్క తిట్లకి తడుముకోవడం దర్జీ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు చూడటం. ఆవిడ నోరు తెరిచేలోగా వాన మొదలైంది. చినుకులు కావు, బకెట్లతో కుమ్మరించినట్టు. దర్జీ అక్కని మంచం మీదికి తోసి, తను కొట్టు గదిలోకి పరిగెత్తి కుట్టుమిషన్ మీద బోర్లా పడుకున్నాడు. వంటగదిలో భార్య ఒక చేత్తో గొడుగు పొయ్యి మీద పట్టి, రెండో చేత్తో గరిటె తిప్పుతోంది. గిన్నెలో వేసినదానికన్నా ఎక్కువ తేలుతోంది. గొడుగు పొయ్యి మంటకి సరిపోయింది గానీ గిన్నెకీ ఆవిడకీ సరిపోలేదు.

మంచం మీద మాత్రం ఒక్క చుక్క లేదు. అక్క మధ్యలో, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎండాకాలంలో కూర్చున్నంత పొడిగా కూర్చుంది. మేస్త్రి కాగితం తిప్పి చూపించి, "చూశారా అమ్మా పనితనం!" అన్నాడు.

"నువ్వు నోర్ముయ్" అంది అక్క. తెరిచి ఉన్న తలుపుల్లోంచి ఆవిడకి ఒకవైపు తమ్ముడి వీపు, ఒకవైపు మరదలి గొడుగు కనబడుతున్నాయి. "ఒరేయ్! ఇటు రా."

"రాకూడదక్కా," అని అరిచాడు దర్జీ వానలోంచి. "కొలత నీ ఒక్కదానికే! నేనొస్తే నువ్వు అంచుకి జరగాలి. చుక్క పడుతుంది."

"వస్తావా, నన్ను రమ్మంటావా?"

ఆ గొంతు విన్నాక నాలుగేళ్ళవాడైనా, నలభై ఏళ్ళవాడైనా రావాల్సిందే. దర్జీ వచ్చాడు. "నువ్వూ రావే, ఆ నీళ్ళు ఎవడు తింటాడు?" అని కేక వేస్తే భార్యా వచ్చింది.

"గ్యారంటీ ఒక మనిషికేనండీ" అన్నాడు మేస్త్రి.

"అయితే నువ్వు లే" అని అక్క ఆయన్ని మోచేత్తో ఒక్క తోపు తోసింది. పదకొండేళ్ళుగా కప్పెక్కకుండానే కప్పుల మీద బతుకుతున్న మనిషి తెల్లకాగితం నెత్తిన పెట్టుకుని వానలో నిలబడ్డాడు.

ఆయన లేచినా చోటు చాల్లేదు. దర్జీ కొలత ఎప్పుడూ తప్పదు. ఒక మనిషికి కుట్టింది ఒక మనిషికే సరిపోతుంది. అక్క వీపు స్తంభానికి ఆనించి, తమ్ముణ్ణి ఇటూ మరదల్ని అటూ లోపలికి లాక్కుని, చోటు కోసం రెండు కాళ్ళూ మంచం దాటించి బయటికి చాపింది. తూములోంచి పడే నీళ్ళు తిన్నగా ఆవిడ మోకాళ్ళ మీద పడుతున్నాయి. ఆవిడ దుప్పటి అంచు తీసి తమ్ముడి తల తుడవడం మొదలుపెట్టింది, చిన్నప్పుడు తుడిచినట్టే, చెవులు ఊడొచ్చేలా.

దర్జీ చూపు మాత్రం ఆ కాళ్ళ మీదే ఉంది. ఒక చుక్క. రెండు. పది. లెక్క తప్పిపోయింది. ఇల్లంతా కత్తిరించి ఆవిడ కోసం మిగిల్చిన పొడి చోటు అది. అందులోంచి ఆవిడే కాళ్ళు బయట పెట్టుకుంది. అతనికి దుఃఖం ఆగలేదు.

"అక్కా... నీ మీద పడుతోంది."

"ఏంటి?"

"చుక్క. చుక్కలు." కుట్టు మాటలు, కొలత మాటలు ఏవీ నోటికి రాలేదు. ఆ వంశంలో ఎవరూ ఎవరితోనూ అనని మాట అనేశాడు. "వెళ్ళిపోకక్కా."

అక్క దుప్పటితో తుడవడం ఆపింది. తన కాళ్ళ వైపు చూసుకుంది. మోకాళ్ళ దాకా తడిసి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తల వెనక్కి వాల్చి, దుకాణంలో చొక్కాని వెలుతురుకెత్తి చూసినంత నిదానంగా చూసింది.

"ఎక్కడ పడుతోందిరా?" అంది. "నాకేం తెలియడం లేదే." అని కాళ్ళు ఇంకొంచెం బయటికి చాపి, మరదలికి చోటిచ్చింది.